సముద్రం దాటిన కులం, దాని వెనకే వెళ్లిన చట్టం



ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి మన సంఘం తెస్తున్న ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని అడిగారు. కొమురం భీం పోరాటం గురించి రాద్దామని కాగితాలు ముందేసుకున్నాను. అదే వారం మా హాస్టల్లో చదువుకుని వెళ్లిన ఒక అమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసింది. ఎమ్మెస్ చదువుతోంది. నలుగురు తెలుగు అమ్మాయిలు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మొదటి రెండు వారాలు బాగానే గడిచాయట. ఒకరోజు రాత్రి వంట చేసుకుంటుండగా ఒకమ్మాయి మామూలుగా అడిగినట్టే అడిగిందట, "మీ ఇంటిపేరు ఎప్పుడూ వినలేదే, మీరేమిట్లు?" అని. మన పిల్ల మాట మార్చేసింది. తర్వాత నాకు ఫోన్ చేసి, "మేడమ్, ఇంత దూరం వచ్చినా అదే ప్రశ్న. ఏం చెప్పమంటారు?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఒకప్పుడు అదే ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. బీఈడీ చదివే రోజుల్లో పట్నంలో గది కోసం తిరిగితే ఒక ఇంటామె ఇదే అడిగింది. నాతో వచ్చిన స్నేహితురాలి కులమే నా కులం అని చెప్పాను. గది దొరికింది. కానీ ఆ పది నెలలూ మా అమ్మను ఆ గదికి రానివ్వలేదు. ఆమె చేతుల మీది పచ్చబొట్లు, ఆమె మాట చూస్తే ఇంటామెకు తెలిసిపోతుందని భయం. అమ్మ బియ్యం, చింతపండు మూటతో వస్తే బస్టాండులోనే కలిసి, అక్కడి నుంచే తిరిగి బస్సెక్కించేదాన్ని. ఆమె ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

కాబట్టి ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు కోసం చదవడం మొదలుపెట్టాను. పరాయి దేశాల్లో ఈ ప్రశ్న మీద చట్టం ఏమంటోంది? ఆ చట్టాలు ఎలా వచ్చాయి? చదివినకొద్దీ ఒక సంగతి తెలిసింది. ఈ చరిత్రలో మనవాళ్లు, అంటే ఆదివాసులు, మొదటి పేజీల్లోనే ఉన్నారు.

ఇంటిపేరు అడగడంలో రెండు రకాలు

మన కోయ గూడేల్లోనూ కొత్తవాళ్లు వస్తే ఇంటిపేరు అడుగుతాం. ఏ గట్టు అని అడుగుతాం. ఎందుకు? వచ్చినవాడు మనకు అన్నదమ్ముడి వరసా, బావ వరసా అని తెలుసుకోవడానికి. వరస తెలిస్తే పిలుపు తెలుస్తుంది, పీట వేసి కూర్చోబెట్టడానికి సులువవుతుంది. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న అలాంటిది కాదు. అది ఎదుటి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో తెలుసుకునే ప్రశ్న. మనం వర్ణవ్యవస్థలో లేమని పుస్తకాల్లో చదువుకుంటాం. అది నిజమే. కానీ కులం ఉన్న సమాజం మనల్ని చూసేటప్పుడు మనకూ ఒక మెట్టు కేటాయిస్తుంది. అది కింది మెట్టు. ఈ ముక్క గుర్తుంచుకుంటే మిగతా చరిత్ర అర్థమవుతుంది.

1836 నాటి ఒక ఉత్తరం

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. కరీబియన్ చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. వారిలో ఒకడు జాన్ గ్లాడ్‌స్టన్. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కు తండ్రి. 1836లో అతను కలకత్తాలోని ఒక వ్యాపార కంపెనీకి, తన తోటలకు కూలీలను పంపమని ఉత్తరం రాశాడు. ఆ కంపెనీ అప్పటికే మారిషస్‌కు కూలీలను పంపుతోంది. జవాబులో వాళ్లు ఛోటానాగ్‌పూర్ కొండల మనుషుల గురించి రాశారు. ఆ రోజుల్లో వారిని 'ధాంగర్లు' అనేవారు. ఓరాన్లు, ముండాల వంటి ఆదివాసులు. వాళ్లకు మతం లేదని, చదువు లేదని, తిండి, నిద్ర మించి కోరికలు లేవని, మనుషుల కంటే కోతులకు దగ్గరని ఆ ఉత్తరం సారాంశం. అంటే ఎదురు చెప్పని మనుషులు కావాలి, వాళ్లు కొండల్లో దొరుకుతారు అని.

1838 మే నెలలో 'విట్‌బీ', 'హెస్పరస్' అనే రెండు ఓడలు దాదాపు 400 మందిని బ్రిటిష్ గయానాలో దించాయి. వారిలో ఈ కొండ కూలీలు ఎందరో ఉన్నారు. పరాయి దేశాలకు వలస అనగానే మనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గుర్తొస్తుంది. కానీ మన దేశం నుంచి కూలి ఒప్పందాల మీద మొదట ఓడలెక్కినవారిలో ఆదివాసులు ఉన్నారు. ఆ తర్వాత మన తీరం నుంచీ వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే మారిషస్‌లో తెలుగువాళ్లను 'కోరంగీలు' అని పిలిచారు. ఫిజీకి, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, బర్మాకు, మలయాకు వెళ్లినవారూ ఉన్నారు.

1917 దాకా సాగిన ఆ ఒప్పంద కూలీల వలసలో ఓడ మీద అందరికీ ఒకే వంట, తోటలో అందరికీ ఒకే రకం పాక. అందుకే ఆ దేశాల్లో కులం పట్టు చాలావరకు సడలింది. పూర్తిగా పోలేదు, పలచబడింది. తర్వాత కాలంలో చదువు మీద, ఉద్యోగం మీద, కుటుంబంతో, బంధువర్గంతో వెళ్లినవారి సంగతి వేరు. వాళ్లు పెట్టెల్లో ఊరగాయతోపాటు కులాన్నీ జాగ్రత్తగా సర్దుకుని తీసుకెళ్లగలిగారు. 1916లోనే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన తన పరిశోధనా పత్రంలో అంబేద్కర్ ఈ ప్రమాదాన్ని గుర్తుచేశారు. హిందువులు ఇతర దేశాలకు వలస వెళితే కులం ప్రపంచ సమస్య అవుతుందని పండితుడు కేత్కర్ చెప్పిన మాటను ఆయన అందులో ప్రస్తావించారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు.

అమెరికాలో కులం కోర్టుకెక్కిన మొదటి రోజులు

అమెరికా సుప్రీంకోర్టులో కులం మాట వినిపించిన ఒక పాత కేసు ఉంది. పంజాబ్‌లో పుట్టిన భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. ఆ రోజుల్లో పౌరసత్వం ముఖ్యంగా తెల్లవారికే ఇచ్చేవారు. థిండ్ వాదన ఏమిటంటే, తాను ఉన్నత కులానికి చెందిన ఆర్య సంతతివాణ్ని కాబట్టి తనను తెల్లవాడిగానే లెక్కించాలని. 1923లో కోర్టు ఆ వాదనను తోసేసింది. అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయులూ దాన్ని పోగొట్టుకున్నారు. వివక్షను కూలదోయడానికి కాకుండా, వివక్షలో పై మెట్టు ఎక్కడానికి కులాన్ని సాక్ష్యంగా చూపిన కేసు ఇది. ఆ నిచ్చెన ఆయన్నూ కాపాడలేదు.

1964లో నల్లజాతివారి పోరాటం వల్ల అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చింది. జాతి, రంగు, మతం, లింగం, దేశ మూలం ఆధారంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అది చెప్పింది. 1965లో వలస చట్టం మారి భారతీయులకు దారి తెరుచుకుంది. ఒక మాట చెప్పుకోవాలి. మనవాళ్లు ఆ దేశంలో అనుభవిస్తున్న సమానత్వం నల్లజాతివారు దెబ్బలు తిని సంపాదించింది. అయితే ఆ జాబితాలో 'కులం' అన్న మాట లేదు. అప్పట్లో ఆ దేశానికి ఆ అవసరం తెలియదు.

ఇంగ్లండ్‌లో ఒక ఆదివాసీ మహిళ

ఇప్పుడు అసలు కథ. బ్రిటన్‌లో 2010లో సమానత్వ చట్టం వచ్చింది. దాని 9వ సెక్షన్ 'జాతి' అంటే ఏమిటో చెబుతుంది. రంగు, జాతీయత, జాతి మూలాలు, దేశ మూలాలు అందులోకి వస్తాయి. కులాన్ని కూడా చేర్చాలని దళిత సంఘాలు అడిగాయి. ప్రభుత్వం మధ్యేమార్గం పట్టింది. మంత్రి కావాలనుకుంటే కులాన్ని చేర్చవచ్చు అని రాసింది. 2013లో పార్లమెంటు దాన్ని సవరించి, చేర్చి తీరాలి అని మార్చింది. అయినా ప్రభుత్వం ఆ ఉత్తర్వు ఇవ్వలేదు.

ఈ లోగా ఒక ఇంటి పనిమనిషి కోర్టుకు వెళ్లింది. ఆమె పేరు పెర్మిలా టిర్కీ. బీహార్ నుంచి తీసుకెళ్లిన ఆదివాసీ మహిళ. టిర్కీ అన్నది ఓరాన్లలో వినిపించే ఇంటిపేరు. అంటే 1836 నాటి ఉత్తరంలో రాసిన ఆ కొండల మనుషుల ఇంటిపేరు. మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో భారత సంతతి కుటుంబం ఒకటి ఆమెను పనికి పెట్టుకుంది. నాలుగున్నరేళ్లు, వారానికి ఏడు రోజులూ, రోజుకు 18 గంటలు పని. ఇచ్చిన డబ్బు లెక్కగడితే గంటకు 11 పెన్నీలు. నేల మీద పరుపు వేసుకుని పడుకునేది. పాస్‌పోర్టు యజమానుల దగ్గరే. బైబిలు తెచ్చుకోనివ్వలేదు, చర్చికి వెళ్లనివ్వలేదు.

ఆమె తరఫు లాయర్లు వేతనం ఒక్కటే అడగలేదు. ఆమె పుట్టుక వల్లే ఇలా చూశారని, అది కుల వివక్ష అని అన్నారు. యజమానుల వాదన ఏమిటంటే, కులాన్ని చట్టంలో ఇంకా చేర్చలేదు కాబట్టి ఆ మాట కోర్టులో ఎత్తకూడదని. 2014 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ వాదనను ఒప్పుకోలేదు. చట్టంలో 'జాతి మూలాలు' అన్న మాట విశాలమైనదని, కులం పేరుతో జరిగే వివక్షలో కొంత దాని కిందికి రాగలదని చెప్పింది. 2015 సెప్టెంబరులో కేంబ్రిడ్జ్ ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. జాతి కారణంగా వేధింపు జరిగిందని తేల్చింది. చెల్లించని జీతం కింద సుమారు 1,84,000 పౌండ్లు ఇవ్వమంది. తన హక్కులేమిటో తెలియని, అణిగిమణిగి ఉండే మనిషి కావాలనే యజమానులు ఆమెను అంత దూరం నుంచి తెచ్చుకున్నారని ట్రిబ్యునల్ గ్రహించింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు గ్లాడ్‌స్టన్‌కు వచ్చిన జవాబు గుర్తొచ్చింది. దాదాపు 180 ఏళ్లు గడిచినా కోరుకున్నది అదే రకం మనిషిని. మారింది ఒక్కటే. ఈసారి ఆ మనిషి కోర్టులో నిలబడి మాట్లాడింది. చదువు, డబ్బు, మంది ఏదీ లేని ఒక ఆదివాసీ మహిళ తెచ్చుకున్న తీర్పు ఈ రోజు బ్రిటన్‌లో కుల వివక్షకు గురైన ఎవరికైనా ఆధారం. 2018లో బ్రిటన్ ప్రభుత్వం చట్టంలో కులం పేరు చేర్చబోమని ప్రకటించింది. అందుకు చూపిన కారణం కూడా ఈ కేసే. కోర్టు తీర్పుల ద్వారా రక్షణ ఉంది కదా, వేరే చట్టం దేనికి అంది. ఆమె గెలుపు మనకు ఆధారమూ అయింది, ప్రభుత్వానికి సాకూ అయింది.

పేరు పెట్టిన నగరాలు

అమెరికాలో మలుపు 2020లో వచ్చింది. సిస్కో అనే పెద్ద సాంకేతిక కంపెనీలో పనిచేసే ఒక దళిత ఇంజనీరును అగ్రకులాలకు చెందిన మేనేజర్లు వివక్షకు గురిచేశారంటూ కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే దావా వేసింది. కంపెనీ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. 2023లో ఆ శాఖ ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కేసును మాత్రం వదల్లేదు. కేసు ఎటు తేలినా, తెలుగు ఇళ్లలో గుసగుసగా ఉన్న మాట ఆ దావాతో పత్రికలకెక్కింది.

విశ్వవిద్యాలయాలు అంతకుముందే కదిలాయి. 2019 చివర్లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం తన వివక్ష నిషేధ నియమాల్లో కులాన్ని చేర్చింది. 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన కాంపస్‌లన్నిటికీ అదే నియమం పెట్టింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి 6-1 ఓట్లతో కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ప్రతిపాదించినది క్షమా సావంత్, భారతదేశంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మహిళ. ఉద్యోగం, అద్దె ఇల్లు, హోటళ్ల వంటి బహిరంగ స్థలాలకు ఆ చట్టం వర్తిస్తుంది. అదే ఏడాది మార్చిలో కెనడాలోని టొరంటో పాఠశాల బోర్డు కుల వివక్ష ఉందని గుర్తిస్తూ తీర్మానం చేసింది.

తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికి చట్టం తేవాలని సెనేటర్ ఆయిషా వహాబ్ 'ఎస్‌బీ 403' బిల్లు పెట్టారు. రెండు సభలూ ఆమోదించాయి. 2023 అక్టోబరు 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని తిప్పి పంపారు. వంశ మూలం ఆధారంగా వివక్ష ఇప్పటికే నిషేధమే కాబట్టి ఈ బిల్లు అవసరం లేదన్నారు. బ్రిటన్ చెప్పిన మాటే ఇది.

వ్యతిరేకించినవారి వాదన కూడా న్యాయంగా చెప్పాలి. ఇలాంటి చట్టం వస్తే భారతీయులందరినీ, ముఖ్యంగా హిందువులను అనుమానంగా చూస్తారని, కులం తెలియని అధికారులు కులాన్ని ఎలా నిర్ణయిస్తారని వాళ్లు అడిగారు. అమెరికాలోనే పుట్టి కులం పేరు ఎరగని పిల్లలూ ఉన్నారన్నారు. ఈ ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ నా అనుభవం ఒకటి చెబుతాను. హాస్టల్లో 'ఎవరూ ఎవర్నీ ఏడిపించకూడదు' అని గోడ మీద రాస్తే ఎవరూ ఫిర్యాదు చేయలేదు. 'తెగ పేరుతో, యాస పేరుతో వెక్కిరించకూడదు' అని రాసిన రోజు సాయంత్రమే ఇద్దరు పిల్లలు నా గదికి వచ్చారు. పేరు పెట్టి చెప్పినప్పుడే, బాధపడుతున్నవారికి ఇది నా గురించే అని తెలుస్తుంది.

ఆ 2023లోనే, గవర్నర్ బిల్లును తిప్పి పంపడానికి కొద్ది రోజుల ముందు, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం తన నియమావళిలో రెండు మాటలు చేర్చింది. ఒకటి కులం. రెండోది ఆదివాసీ మూలం. ఆ చుట్టుపక్కల పొలాల్లో మెక్సికో నుంచి వచ్చిన ఆదివాసీ కూలీలు పనిచేస్తారు. అక్కడ పంజాబీ దళితులూ ఉన్నారు. రెండు ఖండాల కింది మెట్టు మనుషుల బాధ ఒకే కాగితం మీదకు ఎక్కింది. మనం కోయలం, గోండులం, సవరలం, ఎరుకలం. మనకు ఆ రెండు మాటలూ వర్తిస్తాయి.

విదేశాలకు వెళ్లేవారికి

అంబేద్కర్ విదేశీ విద్యానిధి వంటి పథకాలతో మన పిల్లలు ఏటా బయటి దేశాలకు వెళుతున్నారు. వాళ్లకు నాలుగు మాటలు.

ఒకటి. మన 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం భారతదేశానికే వర్తిస్తుంది. అక్కడ అక్కడి చట్టమే దిక్కు. చేరిన వారంలోనే మీ కాలేజీ, కంపెనీ వివక్ష నియమాలు చదవండి. కులం అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే జాతి, వంశ మూలం, దేశ మూలం అన్న మాటలు చూడండి.

రెండు. పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి. యజమానికైనా, బంధువుకైనా.

మూడు. ఎవరైనా మాటతో, పనితో అవమానిస్తే తేదీ, చోటు, ఎదుట ఉన్నవారి పేర్లు రాసిపెట్టుకోండి. మెసేజీలు చెరిపేయకండి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది. అమెరికాలో ఉద్యోగ వివక్ష మీద కేంద్ర సంస్థకు ఫిర్యాదు మామూలుగా 180 రోజుల్లో, చాలా రాష్ట్రాల్లో 300 రోజుల్లో చేయాలి.

నాలుగు. మన ఇల్లూ చూసుకోవాలి. మన హాస్టళ్లలోనే చెంచు పిల్లను, కొండరెడ్డి పిల్లను మిగతా తెగల పిల్లలు చులకనగా చూడటం నేను చూశాను. కంచం పక్కకు జరుపుకోవడం చూశాను. మనకు జరిగితే వివక్ష, మనం చేస్తే సరదా అనుకుంటే మన ఫిర్యాదుకు బలం ఉండదు.

తర్వాతి ఆదివారం ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. "చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం. ఏ చట్టమూ నిన్ను చెప్పమని బలవంతపెట్టదు. చెప్పకపోతే తప్పు కాదు. కానీ నాలా వేరే వాళ్ల పేరు మాత్రం చెప్పుకోకు. దాని బరువు నీ ఒక్కదాని మీదే పడదు, మీ అమ్మ మీద కూడా పడుతుంది" అన్నాను. బస్టాండు సంగతి మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, ఆ టిర్కీ అక్క కథ పూర్తిగా చెప్పండి" అంది.

చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్పాను. మీరు మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి.

జై ఆదివాసీ.

(రచయిత్రి గిరిజన బాలికల వసతిగృహంలో వార్డెన్)